పాత బెల్టు కొత్త వాచీకి పడుతుందా?

ఆపిల్ వాళ్లు ఏటా సెప్టెంబరులో కొత్త వాచీ చూపిస్తారు. మర్నాటి నుంచి మా దుకాణానికి వచ్చేవాళ్లది ఒకటే ప్రశ్న: "మా దగ్గరున్న బెల్టులు దానికి పడతాయా అండి?" శాంసంగ్ కొత్తది దింపినా ఇదే. అడగడంలో న్యాయం ఉంది. వాచీ ఒకటే కొంటారు గాని బెల్టులు ఒకదానితో ఆగవు. ఆఫీసుకు తోలుది, పొద్దున నడకకు రబ్బరుది, పెళ్లిళ్లకు స్టీలు చైను, పుట్టినరోజుకు పిల్లలు ఇచ్చింది ఇంకొకటి. లెక్క వేస్తే కొందరి సొరుగులో మరో వాచీ ఖరీదు పడి ఉంటుంది.

మాది రాజమండ్రిలో నాన్నగారు పెట్టిన దుకాణం. ఆయన హెచ్‌ఎంటీల కాలం మనిషి. అప్పట్లో బెల్టు వ్యవహారం సులువు. కేసుకు, అంటే వాచీ డబ్బాకు, పైనా కిందా రెండేసి కొమ్ములు, వాటి మధ్య స్ప్రింగు పిన్ను, వెడల్పు కుదిరితే ఎవరు కుట్టిన బెల్టయినా ఎక్కేది. స్మార్ట్‌వాచీలు వచ్చాక ఎవరి తాళం వాళ్లు పెట్టుకున్నారు. కాబట్టి పడుతుందో పడదో ఊహించి చెప్పలేం, చూసి చెప్పాలి. ఎలా చూడాలో రాస్తాను. దీనికోసం దుకాణం దాకా రానక్కర్లేదు.

ముందు ఒక అపోహ వదిలించుకోవాలి. పెట్టెమీద కనిపించే 40, 42, 44, 46 అంకెలు బెల్టు కొలతలు కావు. అవి మిల్లీమీటర్లలో కేసు కొలతలు. అంకె మారిందని బెల్టు పనికిరాకుండా పోదు, అంకె కలిసిందని పడుతుందనీ లేదు. వాచీ రూపురేఖలు మారాయన్న వార్త చూసి కంగారు పడడం కూడా దండగ. తెర పెరగవచ్చు, అంచులు గుండ్రబడవచ్చు, మందం తగ్గవచ్చు. వాటిలో ఏదీ బెల్టుకు సంబంధించినది కాదు. బెల్టు కేసును పట్టుకునే చోటు మారిందా లేదా, అంతే. ఆ చోటును ఇక్కడ జాయింటు అంటాను, మా బల్లమీద అనే మాట అదే.

జాయింట్లు ప్రధానంగా మూడు రకాలు. వాచీని బోర్లా తిప్పి చూస్తే మీది ఏదో ఇట్టే తెలిసిపోతుంది. కొమ్ముల మధ్య సన్నటి పిన్ను కనబడితే అది పాత పద్ధతి, అన్నిటికంటే ఉదారమైనది. కొమ్ములు లేకుండా కేసు అంచులోనే గాడి ఉండి, బెల్టు పక్కనుంచి జారి లోపలికి వెళుతుంటే అది ఆపిల్ పద్ధతి. ఈ రెండూ కాకుండా బటన్ నొక్కితేనో మెలితిప్పితేనో ఊడివచ్చేది అయితే అది ఆ కంపెనీ సొంత తాళం. ఈ మూడో రకంలోనే ఎక్కువమంది దెబ్బతింటారు.

ఆపిల్ 42 చిక్కు

ఆపిల్ సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ శుభవార్తా ఉంది, ఉచ్చూ ఉంది.

శుభవార్త ఏమిటంటే 2015లో వచ్చిన మొట్టమొదటి వాచీ గాడినే ఇప్పటికీ వాడుతున్నారు. మొదట 38, 42 సైజులు ఉండేవి. 2018లో సిరీస్ 4తో 40, 44 అయ్యాయి. 2021లో సిరీస్ 7తో 41, 45. 2024లో సిరీస్ 10తో 42, 46. మధ్యలో 2022లో అల్ట్రా వచ్చింది, దానిది 49. ఇన్ని అంకెలు మారినా గాడి వెడల్పులు రెండే: చిన్నది, పెద్దది. 38, 40, 41 చిన్న గాడివి. 44, 45, 46, 49 పెద్ద గాడివి. చిన్న గాడి బెల్టు చిన్న వాచీలన్నిటికీ, పెద్దది పెద్దవాటన్నిటికీ ఎక్కుతుంది. అల్ట్రాకోసం చేసిన మందపాటి బెల్టులు మామూలు 44, 45, 46లకు కూడా పడతాయి, చూడడానికి కొంచెం మోటుగా ఉంటాయి గాని.

పై రెండు వరుసల్లోనూ 42 కావాలనే వదిలేశాను. ఉచ్చు అక్కడే ఉంది. సిరీస్ 3 వరకు వచ్చిన 42 ఆ రోజుల్లో పెద్ద సైజు, కాబట్టి పెద్ద గాడి. సిరీస్ 10 నుంచి వస్తున్న 42 రెండింటిలో చిన్న సైజు, కాబట్టి చిన్న గాడి. అంకె ఒకటే, బెల్టు వేరు.

సంక్రాంతికి డాలస్ నుంచి వచ్చిన ఒకబ్బాయి వాళ్ల నాన్నగారికి సిరీస్ 10 తెచ్చాడు. ఆయన దగ్గర సిరీస్ 3 ఉండేది, దానికి మంచి బెల్టులు నాలుగైదు ఉన్నాయి. "నాన్న బెల్టులన్నీ 42వి అక్కా, అందుకే వెతికి మరీ 42 తెచ్చాను" అన్నాడు. తోలు బెల్టు తీసి గాడిలోకి తోశాను. సగం దాకా వెళ్లింది, అవతలి అంచు దాటి బయటికి పొడుచుకొచ్చింది. ఆ అబ్బాయి ముఖం చూడలేకపోయాను. 46 తెచ్చి ఉంటే అన్నీ ఎక్కేవి. చివరికి వాళ్ల బాబాయిగారి దగ్గర 44 సైజు ఎస్ఈ, ఆపిల్‌దే ఇంకో రకం వాచీ, ఉందని తేలింది, ఆ బెల్టులన్నీ ఆయనకు చేరాయి. కొత్తదానికి చిన్న గాడి బెల్టులే వెతుక్కోవాల్సి వచ్చింది.

అందుకని బెల్టు కొనేటప్పుడు "42కి" అని అడగకండి, "సిరీస్ ఫలానా, 42" అని అడగండి. సిరీసూ సైజూ వాచీ వెనక సెన్సార్ చుట్టూ సన్నటి అక్షరాల్లో చెక్కి ఉంటాయి. కళ్లకు ఆనకపోతే ఫోనుతో ఫొటో తీసి పెద్దది చేసుకుని చదవండి. ఆన్‌లైన్లో బయటి కంపెనీల బెల్టుల పేజీల్లో "38/40/41/42" అని ఒక వరుస, "42/44/45/46/49" అని ఇంకో వరుస ఉంటాయి. రెండింటిలోనూ 42 ఉండడం అచ్చుతప్పు కాదు, ఇదే కారణం.

సైజులు తారుమారు చేసి వేస్తే ఏమవుతుంది? పెద్ద బెల్టు చిన్న గాడిలో పైన చెప్పినట్టు అంచు దాటుతుంది, అది ఎవరికైనా కనబడుతుంది. చిన్న బెల్టు పెద్ద గాడిలో వేయడం మాత్రం ప్రమాదం. లోపలికి హాయిగా వెళుతుంది, చేతికి పెట్టుకుంటే నిలిచినట్టే ఉంటుంది. రెండు పక్కలా సందు మిగిలిపోయి, ఏ బస్సు కడ్డీకో తగిలినప్పుడు పక్కకు జారుతుంది. అంత ఖరీదైన వస్తువును ఆ సందు మీద భరోసా పెట్టి తిప్పకండి.

సోలో లూప్ అని బకిల్ లేకుండా సాగే బెల్టు ఒకటుంది, అల్లికతో చేసింది కూడా ఉంది. 2020లో వచ్చాయి. ఇవి సిరీస్ 4కు ముందు వాచీలకు పనికిరావు. వీటికి గాడి సైజు కాక మణికట్టు సైజు వేరే ఉంటుంది, 1 నుంచి 12 దాకా. చిన్న కేసు నుంచి పెద్ద కేసుకు మారినప్పుడు చేతి చుట్టూ కేసే ఎక్కువ చోటు తీసుకుంటుంది కాబట్టి అదే నంబరు వదులు కావచ్చు. సరే, పెద్ద కేసుకు మారితే ఎలాగూ గాడి కూడా మారుతుంది, పాతది పనికిరాదు. కొత్తది తీసుకునేటప్పుడు పాత నంబరు చెప్పేయకుండా మళ్లీ కొలిపించుకోండి.

వేసి చూసే పద్ధతి

బల్లమీద మెత్తటి గుడ్డ పరిచి ఆపిల్ వాచీని బోర్లా పెట్టండి. వెనకవైపు పైనా కిందా పొడవాటి గింజల్లా రెండు బటన్లు ఉంటాయి. ఒకదాన్ని నొక్కి పట్టుకుని బెల్టును పక్కకు తోయండి. కదలకపోతే బలం పెట్టవద్దు, వదిలి మళ్లీ నొక్కండి. మన కోస్తా చెమటకు గాడిలో తెల్లటి పొరలాంటి మురికి పేరుకుంటుంది. పొడి మెత్తటి బ్రష్షుతో, చిన్నపిల్లల పళ్ల బ్రష్షయినా సరే, దులిపితే వస్తుంది. కొబ్బరినూనె రాసి తెచ్చినవాళ్లున్నారు. దయచేసి ఆ పని చేయకండి, నూనెకు దుమ్ము అంటుకుని మురికి రెట్టింపవుతుంది.

కొత్త బెల్టును జార్చేటప్పుడు మధ్యకు రాగానే "టక్" అని వేలికి తెలియాలి. చెవికి వినబడకపోయినా వేలికి తెలుస్తుంది. తెలియకపోతే కొద్దిగా అటూ ఇటూ కదపండి. బటన్ నొక్కకుండానే బెల్టు పక్కకు జారుతోందంటే అది మీ వాచీది కాదు, లేదా దాని కొసలోని స్ప్రింగు అరిగిపోయింది. చవక బెల్టుల్లో ఈ రెండోది సాధారణం. ఫుట్‌పాత్ మీద 150 రూపాయలకు దొరికే బెల్టుల మీద నాకు కోపమేమీ లేదు, మేమూ అమ్ముతాం. కాని వాటిలో పదింటిని వరుసగా వేసి చూస్తే అన్నీ ఒకేలా బిగియవు. కాబట్టి కొనేచోటే, మీ వాచీకే వేయించి, రెండు వైపులా గట్టిగా లాగి చూసుకుని డబ్బులివ్వండి. మొహమాటపడవద్దు.

శాంసంగ్: 7 దాకా ఒక లోకం, 8 నుంచి ఇంకొకటి

శాంసంగ్ వాళ్లు చాలాకాలం పిన్ను పద్ధతిలోనే ఉన్నారు, మాలాంటివాళ్లకు అది వరం. 2018 గెలాక్సీ వాచ్‌లో పెద్దదానికి 22 మి.మీ., చిన్నదానికి 20 మి.మీ. బెల్టు. 2020 వాచ్ 3 కూడా అలాగే. 2021లో వాచ్ 4 నుంచి కేసు సైజు ఏదైనా అన్నిటికీ 20 మి.మీ. అయింది. వాచ్ 5, 6, 7, క్లాసిక్‌లు, 5 ప్రో అన్నీ అంతే. వాచ్ 6తో వచ్చిన ఒక్క నొక్కుతో ఊడే బెల్టు కూడా లోపల పిన్ను మీద ఆధారపడిందే, అందుకే వెనకటి 4, 5లకు ఎక్కింది. బజారులో దొరికే ఏ 20 మి.మీ. బెల్టయినా వీటికి వేయవచ్చు.

2024లో గెలాక్సీ వాచ్ అల్ట్రాతో సొంత జాయింటు తెచ్చారు. 2025లో వాచ్ 8, 8 క్లాసిక్‌లకు కూడా ఆ దారే పట్టారు. బెల్టు కొస కేసు అడుగు భాగంలోకి వెళ్లి బిగుస్తుంది, పిన్ను లేదు, కొమ్ములు లేవు. బెల్టు చేతికి మరింత అతుక్కుని ఉండడానికి, సెన్సార్ చర్మాన్ని వదలకుండా ఉండడానికి ఇలా చేశామన్నారు. పెట్టుకుంటే నిజంగానే బాగుంటుంది, కాదనను. అయితే వాచ్ 4 నుంచి 7 దాకా పోగుచేసుకున్న 20 మి.మీ. బెల్టులు ఒక్కటీ నేరుగా దీనికి పడవు. నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువ నిరాశ వీళ్లదే, ఎందుకంటే ఏళ్లపాటు ఏ బెల్టయినా పడుతుందన్న ధీమాతో కొనుక్కున్నారు.

అల్ట్రా బెల్టూ 8 బెల్టూ ఒకే పద్ధతివని అమ్మేవాళ్లు చెప్పినా, ఒకదాని కోసం చేసింది రెండోదానికి తీసుకోకండి. పెట్టెమీద మీ మోడల్ పేరు ఉండాలి. "అన్నిటికీ పడుతుందండి" అనే మాట పెట్టెమీద ఉండదు, అమ్మేవాడి నోట్లోనే ఉంటుంది.

అడాప్టర్ల గురించి అడుగుతారు. ఒకవైపు వాచ్ 8 జాయింటుకు బిగిసి, రెండోవైపు 20 మి.మీ. పిన్ను పట్టే చిన్న లోహపు ముక్కలు బయటి కంపెనీలవి దొరుకుతున్నాయి. వేస్తే పాత బెల్టులు పని చేస్తాయి. నా లెక్క ఇది: ఉన్న జాయింటుకు తోడు ఇంకో జాయింటు పెట్టినప్పుడు ఊడిపోవడానికి అవకాశం కూడా ఒకటి పెరిగినట్టే. పైగా కేసుకూ బెల్టుకూ మధ్య దూరం పెరిగి సన్న మణికట్టు మీద అంచులు గాలిలో నిలబడతాయి. పెళ్లికి స్టీలు చైనుతో ఒక పూట పెట్టుకోవడానికి పరవాలేదు. గోదావరిలో ఈతకు దిగేటప్పుడు మాత్రం కంపెనీ జాయింటు ఉన్న బెల్టే వేసుకోండి.

మిగిలిన కంపెనీలు క్లుప్తంగా

గూగుల్ పిక్సెల్ వాచీకి బెల్టు కెమెరా లెన్సులా మెలితిప్పి బిగించాలి. 2022 మొదటిది, 2023 రెండోది ఒకే బెల్టులు. 2024లో మూడోది 41, 45 అని రెండు సైజుల్లో వచ్చింది. 41కి పాత బెల్టులు పడతాయి, 45కి పడవు. ఫిట్‌బిట్‌లో వెర్సా 2 బెల్టు వెర్సా 3కి రాదు, 3 బెల్టు మాత్రం 4కి, సెన్స్‌లకు వస్తుంది. చార్జ్ 3, 4 ఒక జత, 5, 6 ఇంకో జత. షావోమీ బ్యాండ్లలో 3, 4లకు ఒక బెల్టు, 5, 6లకు ఇంకొకటి, 8తో తగిలించే పద్ధతే మారిపోయింది. గార్మిన్ ఫీనిక్స్‌లలో 20, 22, 26 అని మూడు వెడల్పులున్నాయి. మోడల్ పేరు చివర ఎస్ ఉంటే చిన్నది, ఎక్స్ ఉంటే పెద్దది.

మన దేశంలో రెండు మూడు వేలకు దొరికే వాచీల్లో చాలావాటికి 20 లేదా 22 మి.మీ. పిన్ను బెల్టులే. ఆపిల్ అల్ట్రా రూపంలో చేసిన వాటిలో కొన్నింటికి ఆపిల్ బెల్టులు ఎక్కుతాయి, కొన్నింటి గాడి పైకి అలా కనబడుతుంది గాని లోపల పిన్ను దాగి ఉంటుంది. వేసి చూడడం తప్ప వేరే దారి లేదు.

పిన్ను బెల్టు కొలవడం

ఇది ఇంట్లో ఎవరైనా చేసుకోగల పని, కాబట్టి సరిగ్గా చేయండి. బెల్టును కొలవకండి, మెత్తటి బెల్టు నొక్కుకుపోయి తప్పు చూపిస్తుంది. వాచీ కొమ్ముల లోపలి అంచు నుంచి లోపలి అంచుకు కొలవాలి. స్కూలు స్కేలు చాలు, కాని స్కేలు కొసలో గీతకు ముందు కొంచెం ఖాళీ ఉంటుంది కదా, అందుకని సున్నా దగ్గర కాకుండా 1 సెంటీమీటరు గీత దగ్గర మొదలుపెట్టి చివర్లో ఒకటి తీసేయండి. అవతలి కొమ్ము 3 సెంటీమీటర్ల మీదకు వస్తే మీది 20 మి.మీ. అక్కడి నుంచి రెండు చిన్న గీతలు దాటితే 22. ఆడవాళ్ల చిన్న వాచీలకు 18 రావచ్చు. 21 లాంటి అంకె కనిపిస్తే మళ్లీ కొలవండి, బహుశా స్కేలు వంకరగా పట్టుకుని ఉంటారు.

22 బెల్టును 20లోకి నొక్కి పెడదామని చూసేవాళ్లుంటారు. బెల్టు నలుగుతుంది గాని పిన్ను పొట్టిగా మారదు కదా. 20 బెల్టును 22లో పెట్టడం అంతకంటే చెడ్డది. పిన్ను స్ప్రింగు కొద్దిగా అందుకుని నిలిచినట్టు నటిస్తుంది, చేయి విదిలించిన రోజున వదిలేస్తుంది.

తగిలించేటప్పుడు కింద తువ్వాలు పరుచుకోండి. పిన్ను ఎగిరి గచ్చుమీద పడిందంటే ఆ సాయంత్రమంతా మంచం కింద వెతుకుతూ కూర్చోవాలి. రంధ్రాలున్న పొడవు ముక్క 6 అంకె వైపు, బకిల్ ఉన్న పొట్టి ముక్క 12 అంకె వైపు. చిన్న మీట ఉన్న పిన్నయితే ఆ మీట చర్మం వైపు రావాలి. ముందు పిన్ను ఒక కొసను రంధ్రంలో పెట్టి, మీటను లోపలికి లాగి, రెండో కొసను ఎదురు రంధ్రం దగ్గరికి తెచ్చి వదలండి. తర్వాత వాచీని గట్టిగా పట్టుకుని బెల్టును నిలువుగానూ ఏటవాలుగానూ లాగి చూడండి. ఏటవాలుగా లాగడం చాలామంది మరచిపోతారు, సరిగా కూర్చోని పిన్ను అప్పుడే బయటపడుతుంది.

ఇంకో సంగతి, బెల్టు కొస ఆకారం. కొన్ని బెల్టుల కొస కేసు గుండ్రానికి తగ్గట్టు వంపు తిరిగి ఉంటుంది, అది ఒక మోడల్‌కే నప్పుతుంది. వెడల్పు కలిసినా పక్క మోడల్‌కు వేస్తే వంపు కేసుకు ఒరుసుకుని పిన్ను రంధ్రం దాకా చేరనివ్వదు. మోడల్ మార్చే అలవాటున్నవాళ్లు తిన్నగా ఉండే కొసలున్నవి తీసుకుంటే అన్నిచోట్లా నడుస్తాయి. కేసుకూ బెల్టుకూ మధ్య కొంచెం సందు కనబడుతుంది, అంతే.

కొత్త మోడల్ ఇంకా రాకముందు

పుకార్లను బట్టి బెల్టులు కొనడం, అమ్మేయడం రెండూ వద్దు. 2023లో ఆపిల్ గాడి తీసేసి అయస్కాంతంతో బెల్టు పట్టే పద్ధతి తెస్తోందని గట్టిగా వినబడింది. తమ దగ్గరున్నవాటిని సగం ధరకు అమ్మేసుకున్నవాళ్లు నాకు తెలుసు. 2024లో సిరీస్ 10 వచ్చింది, పలచబడి, తెర పెరిగి, అదే పాత గాడితో. శాంసంగ్‌లో దీనికి విరుద్ధంగా జాయింటే మారిపోయింది.

విడుదలైన రోజే కంపెనీ తన అమ్మకాల పేజీలో ఏ బెల్టు ఏ మోడల్‌కు పడుతుందో రాస్తుంది. వాచీ ధర చూసే ముందు ఆ ఒక్క వరుస చదవండి. తర్వాత ప్రదర్శనకు పెట్టిన దుకాణానికి మీ పాత బెల్టు ఒకటి జేబులో వేసుకుని వెళ్లండి. అక్కడి కుర్రాణ్ణి మర్యాదగా అడిగితే వేసి చూపిస్తాడు. చూపించనంటే ఇంకో దుకాణం చూసుకోండి.

పడుతుందని తేలాక రంగు కూడా ఒకసారి చూసుకోండి. రబ్బరు, గుడ్డ బెల్టులకు గొడవ లేదు. స్టీలు చైనులకు ఉంది. పాత స్టీలు వాచీతో కొన్న మెరిసే చైను కొత్త టైటానియం కేసు పక్కన వేరే ఇంటి వస్తువులా కనబడుతుంది, నల్ల చైనుల్లో అయితే నలుపుకూ నలుపుకూ పొంతన కుదరదు. దీన్ని ట్యూబులైటు కింద కాకుండా దుకాణం గుమ్మం దాకా వచ్చి పగటి వెలుగులో చూడాలి.